ఇల్లు మారిన పిల్లి

పాఠ్య ప్రవేశం

ఇల్లు మారేటప్పుడు మనుషులు సామానుతో పాటు పెంపుడు జంతువులను కూడా తీసుకొనిపోతారు. కుక్క యజమాని వెంట నడుస్తుంది. ఆవు మేత వేసిన చోట నిలుస్తుంది. పిల్లి మాత్రం అట్లా కాదు. కొత్త ఇంటికి తెచ్చిన పిల్లి తెల్లవారేసరికి కనిపించకుండా పోవడం చాలా ఇళ్ళలో జరిగేదే. అది ఎందుకు పోతుంది? దానిని కొత్త చోటికీ, ఆరుబయట తిరగడానికీ ఎట్లా అలవాటు చేయాలి? ఈ పాఠం చదివి తెలుసుకోండి.

పాఠం

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు అంటారు. అటకమీద ఈనిన పిల్లి, అక్కడ అలికిడి ఎక్కువైతే కూనలను ఒక్కొక్కదానినే నోట కరచుకొని మరొక చోటికి చేరుస్తుంది. అంటే చోటు మారడం పిల్లికి కొత్త కాదు. అయితే ఆ మార్పు అది తానుగా కోరుకొన్నది. చుట్టుపక్కల గోడలు, దారులు అన్నీ దానికి తెలిసినవే. మనుషులు చేసే మార్పు అటువంటిది కాదు. ఒక పూట పిల్లిని బుట్టలో పెట్టి మూత వేస్తారు. మూత తీసేసరికి తెలిసిన గోడ ఒక్కటీ కనిపించదు.

వాసనే గుర్తు

మనం ఇంటిని ముఖ్యంగా కంటితో గుర్తుపడతాం. పిల్లికి కంటితో పాటు ముక్కు, చెవి కూడా అంతే ముఖ్యం. పిల్లి చెంపల మీద, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట, పాదాల అడుగున వాసన గ్రంథులు ఉంటాయి. పిల్లి గుమ్మానికి చెంప రాయడం, మంచంకోడును ఒరుసుకొంటూ పోవడం, మన కాళ్ళకు చుట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అది గారాబం మాత్రమే కాదు. తన వాసనను అక్కడ అంటిస్తున్నదన్నమాట. ఆ వాసన మన ముక్కుకు అందదు. పిల్లికి మాత్రం అది ‘ఇది తెలిసిన చోటు, ఇక్కడ భయం లేదు’ అని రాసిపెట్టిన పలక వంటిది. గోళ్ళతో స్తంభాన్ని గీరినప్పుడు కూడా పాదాల వాసన అక్కడ నిలుస్తుంది.

వాసనను పసిగట్టే మరో అవయవం పిల్లి నోటి పైభాగంలో ఉంది. దానిని జాకబ్సన్ అవయవం అంటారు. కొత్త వాసన తగిలినప్పుడు పిల్లి పై పెదవి ఎత్తి, నోరు కొద్దిగా తెరిచి కాసేపు కదలకుండా నిలబడేది ఇందుకే.

పిల్లి వినికిడి కూడా చాలా చురుకైనది. మనిషి చెవి సుమారు 20 వేల హెర్ట్జుల వరకు గల ధ్వనులనే వినగలదు. పిల్లి చెవి 60 వేల హెర్ట్జులకు పైబడిన ధ్వనులను సైతం వినగలదు. రెండు చెవులను విడివిడిగా తిప్పి చప్పుడు ఎటు నుండి వచ్చిందో తెలుసుకొంటుంది. పాత ఇంటిలో ఏ చప్పుడు ఎవరిదో దానికి తెలుసు. కొత్త ఇంటిలో ప్రతి చప్పుడూ అపాయంలాగే తోస్తుంది.

కాబట్టి కొత్త ఇంటిలో అడుగుపెట్టిన పిల్లి స్థితి, తనకు రాని భాష మాట్లాడే ఊరిలో బస్సు దిగిన బాటసారి స్థితి వంటిది. ఎటు చూసినా బోర్డులు ఉంటాయి. ఒక్కటీ చదవలేడు.

ఇటువంటి స్థితిలో పిల్లి తనకు తెలిసిన చోటును వెదకుతూ పోతుంది. అమెరికా జీవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హెరిక్ పిల్లుల ఈ శక్తిని గురించి 1922లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన కూనలున్న ఒక తల్లిపిల్లిని ఇంటికి ఒకటి నుండి నాలుగు మైళ్ళ దూరాలలో, అనగా సుమారు 1.6 నుండి 6.4 కిలోమీటర్ల దూరాలలో వదిలి చూశాడు. అది తిరిగి తన కూనల దగ్గరకు వచ్చింది. అయితే ఇట్లా బయలుదేరిన ప్రతి పిల్లీ గమ్యం చేరుతుందని చెప్పలేము. దారిలో వాహనాలు, కుక్కలు ఉంటాయి. చేరినా పాత ఇంటి తలుపుకు తాళం ఉంటుంది. లేదా లోపల కొత్తవారు ఉంటారు.

ప్రయాణానికి ముందు

తమిళనాడులోని హోసూరులో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. వారు పాతపేటలోని పెంకుటింటి నుండి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్త కాలనీకి మారుతున్నారు. ఇంటిలో అవ్వ, అమ్మ, నాయన, అక్క, తమ్ముడు ఉన్నారు. నుదుట తెల్లమచ్చ గల నల్లపిల్లి కూడా ఉంది. దాని పేరు చుక్క. చుక్క పగలు అటకమీద నిద్రపోతుంది. సాయంత్రం గోడలెక్కి తిరుగుతుంది. రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరుతుంది.

పది రోజుల ముందే నాయన మూత ఉన్న వెదురు బుట్టను తెచ్చి, చుక్క పడుకొనే మూలలో తెరిచి పెట్టాడు. అందులో దాని పాత దుప్పటి పరిచారు. నాలుగో రోజుకు చుక్క అందులోనే నిద్రపోసాగింది. ప్రయాణానికి ముందురోజు అమ్మ ఆ దుప్పటిని ఉతకబోయింది. “వద్దమ్మా! ఉతికితే దాని వాసన పోతుంది. కొత్త ఇంటిలో దానికి తెలిసిన వాసన అదొక్కటే కదా!” అని అక్క అడ్డుకొంది.

సామాను ఎత్తే రోజున తలుపులు తెరిచి ఉంటాయి. కొత్త మనుషులు తిరుగుతారు. అటువంటప్పుడు పిల్లిని ముందుగానే ఒక గదిలో ఉంచి తలుపు మూయాలి. దారిలో వాంతి చేసుకోకుండా, బయలుదేరడానికి కొన్ని గంటల ముందు నుండి మేత పెట్టరాదు. బుట్టపై గాలి ఆడే పలుచని గుడ్డ కప్పాలి. బుట్టను సామాను మధ్య పెట్టక, ఎవరైనా ఒడిలో పెట్టుకోవాలి. ఎంత అరిచినా దారిలో మూత తీయరాదు.

గృహప్రవేశానికి ముందు నేలను ఫినాయిల్‌తో కడగడం చాలామందికి అలవాటు. ఇది పిల్లులకు హాని చేస్తుంది. తడి నేలపై నడిచిన పిల్లి తన పాదాలను నాకుతుంది. ఫినాయిల్‌లోని కొన్ని రసాయనాలను పిల్లి కాలేయం విరిచివేయలేదు. కనుక ఫినాయిల్ వాడితే మంచినీటితో మళ్ళీ బాగా కడిగి, నేల ఆరిన తరువాతనే పిల్లిని వదలాలి. బీరువాలలో వేసే కలరా ఉండలను కూడా దానికి అందకుండా ఉంచాలి.

ఒక గదితో మొదలు

కొత్త ఇంటిలో పిల్లిని ఒక్కసారిగా ఇల్లంతా తిరగనీయరాదు. మొదట ఒక చిన్న గది చాలు. ఆ గదిలో నీళ్ళు, మేత, పాత దుప్పటి ఉంచాలి. మేతకు దూరంగా ఇసుక పోసిన తొట్టి పెట్టాలి. పాత తొట్టిలోని ఇసుక గుప్పెడు తెచ్చి ఇందులో కలిపితే పిల్లి త్వరగా గుర్తుపడుతుంది. దాక్కోవడానికి ఒక అట్టపెట్టెను బోర్లించి, పక్కన గుమ్మంలా కోసి పెట్టాలి. భయపడిన ప్రాణికి దాగే చోటు ఉంటేనే ధైర్యం వస్తుంది.

చుక్క మొదటి రోజంతా అట్టపెట్టెలోనే ఉంది. తమ్ముడు చేయి పెట్టి లాగబోతే నాయన వారించాడు. దానంతట అది రావాలి. అక్క గదిలో ఒక మూల కూర్చొని పాఠం మెల్లగా పైకి చదువుకొంది. తెలిసిన గొంతు వినిపిస్తుంటే చాలునని ఆమె అట్లా చేసింది. రాత్రి అందరూ పడుకొన్నాక చుక్క బయటికి వచ్చి చేపముక్క తిన్నది. మొదటి రోజు పిల్లి తినకపోవచ్చు. రెండు రోజులైనా ఏమీ ముట్టకపోతే మాత్రం పశువైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి.

మెత్తని గుడ్డతో పిల్లి చెంపలను సున్నితంగా నిమిరి, ఆ గుడ్డను గుమ్మాలకు, మంచంకోళ్ళకు పిల్లి ఎత్తులో రాయాలి. అప్పుడు కొత్త గోడలకు దాని వాసన అంటుతుంది. నాలుగైదు రోజుల తరువాత ఒక్కొక్క గదీ చూడనీయాలి.

మూడు వారాలు ఎందుకు?

ఐదో రోజు సాయంత్రం చుక్క వీధి తలుపు దగ్గర కూర్చొని అరవసాగింది. తలుపును గోళ్ళతో గీరింది. తమ్ముడు చూడలేకపోయాడు.

“అవ్వా! చుక్క ఏడుస్తోంది. తలుపు తీయనా? దాన్ని బంధించడం పాపం కదా!” అన్నాడు.

“పోవడం దానికి ఎవరూ నేర్పక్కరలేదు నాయనా! తిరిగి ఎక్కడికి రావాలో ఇంకా తెలియలేదు. ముందు అది నేర్చుకోనీ. ఆ తరువాత తలుపు నువ్వే తీద్దువుగాని” అన్నది అవ్వ.

అవ్వ మాటలో ఉన్నదే అసలు సంగతి. ఇల్లు మారిన పిల్లిని కనీసం రెండు మూడు వారాలు లోపలే ఉంచాలి. ఇది శిక్ష కాదు. ఈ రోజులలో దాని వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది. ఇంటి చప్పుళ్ళు, వీధి చప్పుళ్ళు అలవాటవుతాయి. కిటికీలో కూర్చొని కుక్క ఏ వేళకు వస్తుందో, పాలబండి ఎటు నుండి పోతుందో గమనిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా మేత ఎక్కడ దొరుకుతుందో దానికి స్థిరపడుతుంది. అందుకే రోజూ ఒకే వేళకు, పళ్ళెంపై గరిటెతో తట్టి, ఒకే పిలుపుతో పిలిచి మేత పెట్టాలి. ఆ చప్పుడే రేపు బయట ఉన్న పిల్లిని ఇంటికి రప్పిస్తుంది.

పిల్లులు వేకువన, మునిమాపున ఎక్కువ చురుకుగా ఉంటాయి. మనకు చూడటానికి కావలసిన వెలుగులో ఆరో వంతు ఉన్నా వాటికి సరిపోతుంది. అరుపులు ఎక్కువయ్యేదీ ఆ వేళలలోనే. అప్పుడు దారానికి కాగితపు ఉండ కట్టి ఆడిస్తే పిల్లి అలసి నిద్రపోతుంది.

పిల్లి తోక నిటారుగా పెట్టి తిరుగుతుంటే, గుమ్మాలకు చెంప రాస్తుంటే, నడి ఇంటిలో పడుకొని నిద్రపోతుంటే, పిలిస్తే వస్తుంటే అది ఇంటిని తనదిగా భావిస్తున్నదని గ్రహించాలి. పొట్ట నేలకు ఆనించి నడుస్తూ, పగలంతా దాక్కొంటూ ఉంటే మరికొన్ని వారాలు ఆగాలి.

టీకాలు తప్పనిసరి

బయటికి వదలడానికి ముందు పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించాలి. పిల్లికూనకు సుమారు మూడు నెలల వయసులో మొదటి టీకా వేస్తారు. తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ వేయించాలి. రేబిస్ కుక్కకాటు వల్లనే వస్తుందని అనుకోరాదు. వ్యాధి సోకిన పిల్లి కరచినా, గీరినా రావచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుండి బతికి బయటపడటం చాలా అరుదు.

పిల్లి కరచినా, రక్తం వచ్చేట్లు గీరినా ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం పెట్టరాదు. పెద్దలకు చెప్పి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. లూయీ పాశ్చర్ 1885లో మొదటిసారిగా ఒక బాలునికి ఈ వ్యాధి టీకా ఇచ్చాడు. మన దక్షిణ దేశంలో నీలగిరి కొండలలోని కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ ఏర్పడింది.

పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స గురించి కూడా పశువైద్యుని అడగాలి. ఆ చికిత్స అయిన గండుపిల్లి దూరాలు తిరగడం, పోట్లాడటం తగ్గుతుంది. ఆడపిల్లి సుమారు తొమ్మిది వారాలకే ఈనుతుంది. ఆ కూనలన్నిటికీ ఇల్లు దొరకడం కష్టం.

తలుపు తెరిచిన నాడు

వాన, బాణసంచా చప్పుళ్ళు లేని రోజును ఎంచుకోవాలి. మేత వేళకు కొంచెం ముందు, పిల్లి ఆకలితో ఉన్నప్పుడు తలుపు తీయాలి. ఎత్తుకొనిపోయి బయట దింపరాదు. తన అడుగులతో తాను గడప దాటితేనే దానికి తిరుగుదారి గుర్తుంటుంది.

ఇరవై రెండో రోజున తమ్ముడే పెరటి తలుపు తీశాడు. చుక్క గడప మీద చాలాసేపు నిలబడింది. గాలిని వాసన చూసింది. రెండు అడుగులు వేసి వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయి తులసికోటకు చెంప రాసింది. అక్క, తమ్ముడు మెట్ల మీద కదలకుండా కూర్చున్నారు. పది నిమిషాలకు అమ్మ లోపల పళ్ళెం తట్టింది. చుక్క ఒక్క పరుగున లోపలికి వచ్చింది. తలుపు మూశారు. మరునాడు పావుగంట, ఆపై అరగంట, ఇట్లా రోజురోజుకూ సమయం పెంచారు. ఆ రోజులలో తలుపును తెరిచే ఉంచారు. బెదిరిన పిల్లికి మూసిన తలుపు ఎదురైతే అది ఎటైనా పారిపోతుంది.

బయటి ప్రపంచంలో పిల్లికి కొన్ని ఏర్పాట్లు చేయాలి. కుక్క తరిమితే ఎక్కడానికి ప్రహరీ గోడకు ఒక పలక చేరవేయాలి. మేత బయట పెట్టరాదు. పెడితే ఆ వీధిలోని ఇతర పిల్లులు వచ్చి పోట్లాటలు జరుగుతాయి. ఇరుగుపొరుగు ఎలుకల మందు వాడుతున్నారేమో అడిగి తెలుసుకోవాలి. చలికాలంలో పిల్లులు వెచ్చదనం కోసం వాహనాల ఇంజన్ల దగ్గర దూరుతాయి. కారు కదిపే ముందు ముందుభాగంపై ఒకసారి తట్టాలి. రాత్రిళ్ళు పిల్లిని ఇంటిలోనే ఉంచడం మంచిది.

పిల్లి తిరిగే చోట పిచ్చుకలకు, తొండలకు ముప్పు ఉంటుంది. 2021లో ఇంగ్లండులో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టినా, రోజూ కాసేపు ఆడించినా పిల్లులు ఇంటికి తెచ్చే వేట తగ్గింది. పాలు, అన్నం మాత్రమే పెడితే పిల్లికి చాలదు. దానికి అవసరమైన టారిన్ అనే పదార్థం చేపలు, మాంసం వంటి వాటిలోనే తగినంత లభిస్తుంది. పెరిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు కూడా.

పాత ఇంటికి పోతే?

ఒక రాత్రి చుక్క రాలేదనుకోండి. మొదట ఇంటి చుట్టూ, పొరుగువారి మేడల మీద, కొట్లలో వెదకాలి. తరువాత పాత ఇంటికి వెళ్ళి చూడాలి. అక్కడివారికి ముందే ఫోన్ నంబరు ఇచ్చి, పిల్లి వస్తే మేత పెట్టవద్దని, వెంటనే కబురు చేయమని చెప్పి ఉండాలి. అక్కడ జాలితో ఎవరైనా పాలు పోస్తే అది మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతుంది. దొరికిన పిల్లిని కొట్టరాదు. తిరిగి తెచ్చి, మొదటి గది నుండి మళ్ళీ మొదలుపెట్టాలి.

కొన్ని ఇళ్ళు పెద్ద రహదారి పక్కనే ఉంటాయి. అటువంటి చోట పిల్లిని బయటికి వదలకపోవడమే మేలు. కిటికీ, ఎక్కడానికి ఎత్తైన చోటు, ఆడించే మనుషులు ఉంటే పిల్లి ఇంటిలోనే సుఖంగా బతుకుతుంది.

కుక్క మనిషిది, పిల్లి ఇంటిది అని లోకంలో ఒక మాట ఉంది. ఆ మాట నమ్మి పిల్లిని పాత ఇంటిలోనే వదిలిపోయేవారూ ఉన్నారు. కానీ ఆ మాట పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లికూనలను వాటి యజమానులతో సహా కొత్త గదిలో ఉంచి పరిశీలించారు. యజమాని రెండు నిమిషాలు బయటికి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు, సుమారు 64 శాతం కూనలు కుదుటపడి మళ్ళీ గదిని చూడటానికి బయలుదేరాయి. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కొత్త చోట పిల్లికి ధైర్యమిచ్చేది తెలిసిన మనిషే. గోడలను వెంట తీసుకొనిపోలేము. వేళకు పిలిచే గొంతును తీసుకొనిపోగలం.

కొత్త పదాలు – అర్థాలు

అలికిడి = చిన్న చప్పుడు
కూన = జంతువు పిల్ల
పసిగట్టు = కనిపెట్టు
బాటసారి = దారిన పోయేవాడు
మునిమాపు = పొద్దు గుంకే వేళ
వారించు = వద్దని ఆపు

అభ్యాసాలు

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. పిల్లి గుమ్మానికి చెంప ఎందుకు రాస్తుంది?
2. అక్క దుప్పటిని ఎందుకు ఉతకనీయలేదు?
3. పిల్లి గీరితే వెంటనే ఏమి చేయాలి? ఏమి చేయరాదు?
4. మేతను ఇంటి బయట ఎందుకు పెట్టరాదు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. ‘ముందు అది నేర్చుకోనీ’ అని అవ్వ ఎవరితో, ఏ సందర్భంలో అన్నది? అందులోని భావాన్ని వివరించండి.
2. ‘పిల్లి ఇంటిది’ అనే మాట ఎంతవరకు నిజం? పాఠం ఆధారంగా చర్చించండి.

III. కింది జాతీయాలను, సామెతలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
గోడమీది పిల్లి, కాలు కాలిన పిల్లి, పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

IV. వ్యాకరణం
1. ‘ఉతికితే వాసన పోతుంది’ – ఇందులో ‘ఉతికితే’ అనేది చేదర్థకం. ఒక పని జరిగితేనే మరొకటి జరుగుతుందని ఇది తెలుపుతుంది. పాఠంలోని మరో ఐదు చేదర్థకాలను గుర్తించి రాయండి.
2. విడదీసి, సంధి పేరు రాయండి: ఇల్లంతా, రోజంతా, గోడలెక్కి.

V. మన మాట – పొరుగు మాట
పిల్లిని తమిళంలో పూనై, కన్నడంలో బెక్కు, ఒడియాలో బిలేఇ, మరాఠీలో మాంజర్ అంటారు. సంస్కృతంలో మార్జాలం అంటారు. కుక్క, ఆవు, కాకి, పిచ్చుకలను మీ ఊరి ఇతర భాషలో ఏమంటారో అడిగి పట్టిక తయారు చేయండి.

VI. చేసి చూడండి
మీ వీధిలోని ఒక పిల్లిని దూరం నుండి వారం రోజులు గమనించండి. అది ఏ వేళ ఎక్కడ తిరుగుతుందో, వేటికి చెంప రాస్తుందో రాసి తరగతిలో చదివి వినిపించండి. తెలియని పిల్లిని తాకవద్దు.